రాట కొరికిన గుర్రం

గుర్రం మా ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఒక చప్పుడు విని లేచాను. ముసలివాళ్ళు అన్నం తిన్నాక తేన్చినట్టు, గుక్కు, గుక్కు అని. పాకలోకి వెళ్ళి చూస్తే కొత్తగా కొన్న తెల్లగుర్రం పై పళ్ళను మేతతొట్టి అంచుకు ఆనించి, మెడ బిగించి, గొంతులోకి గాలి లాగుతోంది. లాగడం, చప్పుడు చేయడం, వదలడం, మళ్ళీ అంచు పట్టుకోవడం. ఉలవలు ఎప్పుడో నాకేసింది. ఇక తొట్టిని తింటోందేమో అనుకున్నాను. తినడం కూడా కాదు, గాలి తాగుతోంది. అంచు అప్పటికే పంటి గాట్లతో రంపంలా తయారైంది.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. ఇదంతా నోటితో చెప్పి రాయిస్తున్నాను. ముందుదీ వెనకదీ కలిసిపోతే మీరే సర్దుకోండి.

మా మామగారు రాజాంలో జట్కా తోలేవారు. ఆటోలు వచ్చి జట్కాను మింగేశాయి, గుర్రం మాత్రం మిగిలింది. దాన్ని మా ఆయన పెళ్ళి ఊరేగింపులకు తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన పోయిన ఏడాది తిరగకుండానే ఆ ముసలి గుర్రమూ పోయింది. పెద్ద తుఫాను వచ్చి పాక కప్పు ఎగరగొట్టింది కూడా ఆ ఏడే. నేను సరుగుడు కర్రలతో పాక మళ్ళీ కట్టించి, మెడలోంచి తీసి పెట్టెలో పడేసిన పుస్తెల గొలుసు అమ్మి, ఈ గుర్రాన్ని కొన్నాను. ఆడదానికి, అందులోనూ మొగుడు లేనిదానికి గుర్రం ఎందుకని ఊళ్ళో అందరూ అన్నారు. కూలికి వెళ్ళమన్నారు. కూలికి వెళ్తూనే ఉన్నాను. ఆ పాక ఖాళీగా ఉంటే నాకు ఇంట్లో కాలు నిలవదని ఎవరికి చెప్పను?

మా మరిది ఆటో నడుపుతాడు, పెళ్ళిళ్ళప్పుడు గుర్రం కళ్ళెం పట్టుకుంటాడు. నేను కాపురానికి వచ్చేనాటికి వాడు లాగు జారిపోయే పిల్లాడు. ఇప్పుడు నాకు బుద్ధులు చెబుతాడు. పాతపట్నం దాటాక ఒడిశా పక్క ఒక రైతు దగ్గర ఈ గుర్రం ఉందని కబురు తెచ్చింది వాడే. మేము వెళ్ళేసరికి అది బయలు బీడులో, నేలలోకి దిగగొట్టిన ఇనుప మేకుకు పొడుగాటి తాడుతో కట్టి ఉంది. తల ఎత్తకుండా గడ్డి మేస్తోంది. చుట్టుపక్కల కొరకడానికి ఒక కర్ర ముక్క లేదు. మరిది నోరు తెరిపించి చూసి, ముందు పళ్ళు బాగా అరిగాయి, చెప్పినదానికంటే వయసు ఎక్కువే అని బేరం తగ్గించాడు. తగ్గించానని దారి పొడుగునా ఈల వేసుకుంటూ వచ్చాడు. పళ్ళు ఎందుకు అరిగాయో మా ఇద్దరికీ తట్టలేదు. మా ఆయన ఉంటే తట్టేదేమో. తట్టేది కాదేమో కూడా. చచ్చినవాడికి అన్నీ తెలుసని చెప్పుకోవడం తేలిక.

ఆ రైతుకు ఫోన్ చేసి తిట్టాను. ఆయన నా తిట్లన్నీ విని, నిదానంగా, "మా కాడ గెడ్డి తినీది, నిలబడీది, అంతే. కర్ర కొరకడం నాను సూడనేదమ్మా" అన్నాడు. అబద్ధాలకోరని ఇంకో నాలుగు తిట్టి పెట్టేశాను.

ఇక చూడండి నా తిప్పలు. మాఘంలో పెళ్ళిళ్ళు ఉన్నాయి. ఈలోగా ఇది కుదురుకోవాలి. పందిళ్ళ దగ్గర కర్రలే కదా ఉండేవి, వరుణ్ణి ఎక్కించుకుని పందిరి గుంజను కొరుకుతూ నిలబడితే ఇంకొకరు పిలుస్తారా? అంచుకు వేపనూనె రాశాను. నూనె ఆరేదాకా ఆగి, ఆరాక పట్టుకుంది. మిరపకాయలు నూరి పూశాను. దాని మూతి ఉబ్బింది, నా చేతులు మండాయి, కన్ను నలుపుకుని నేను గుడ్డిదానిలా కూర్చున్నాను. అది మాత్రం తొట్టి వదిలి గుంజకు మారింది. గుంజకు రేకు కొట్టిస్తే రేకు అంచున పెదవి కోసుకుంది. చెప్పులు కుట్టే అతని చేత మెడకు తోలుపట్టీ కుట్టించి బిగించాను, గాలి లాగకుండా. లాగడం ఆగలేదు గాని పట్టీ కింద వెంట్రుకలు ఊడి పుండు పడింది. పెళ్ళిగుర్రానికి మెడ మీద పుండు. పూలదండ వేస్తే కప్పుకుపోతుందిలే అని మరిది అన్నాడు. వాడికి అన్నీ దండ వేస్తే కప్పుకుపోయేవే.

నిమ్మకాయ దిష్టి తీశాను. ఆ నిమ్మకాయనూ తినేసింది.

పక్కింటామె నాతో పాటే ఊడ్పులకీ కోతలకీ వస్తుంది. ఆదివారం బాప్టిస్టు చర్చికి వెళ్తుంది, మిగతా రోజులు నా గోడు వింటుంది. "అది వంటరిదైపోనాదప్పా. తోడు పెట్టు, మా మేకని కట్టుకో" అని మేకను తోలుకొచ్చింది. సరేనన్నాను. ఆ మేక తొట్టి ఎక్కి నిలబడి, గుర్రానికి వేసిన గుప్పెడు గడ్డీ తనే తినేసింది. గుర్రం దాన్ని చూస్తూ గుంజ కొరికింది. సాయంత్రానికి మేకను దాని ఇంటికి పంపేశాను.

గుప్పెడు గడ్డి అన్నాను కదా. అది మా ఆయన పెట్టిన పద్ధతి. పెళ్ళిగుర్రానికి పొట్ట ఉండకూడదు. పొట్ట జారితే జీనుపట్టీ బిగియదు, ఫొటోల్లో గాడిదలా కనబడుతుంది, పెళ్ళికొడుకు స్నేహితులు నవ్వుతారు. అందుకని పొద్దున ఉలవలు, సాయంత్రం ఉలవలు, మధ్యలో పేరుకు నాలుగు పరకలు. ముహూర్తం దగ్గరపడితే ఆ పరకలు కూడా బంద్. ఎండుగడ్డి గొడ్లకి, ఉలవలు గుర్రానికి అనేవాడు. ముసలి గుర్రం ఆ తిండితోనే బతికింది. కొత్తదానికీ అదే పెట్టాను. ఆయన పోయాక ఇంట్లో ఆయన చెప్పినట్టు జరిగే పని అదొక్కటే మిగిలింది.

ఊళ్ళోకి పశువుల డాక్టరు ఎవరిదో ఆవును చూడడానికి వస్తే, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. ఆయన దాని నోరూ పొట్టా చూసి, ఇది జబ్బు కాదమ్మా, అలవాటు అన్నాడు. కడుపు ఖాళీగా, తల పాకలో కట్టేసి ఉంటే ఎక్కువవుతుందట. ముందర ఎప్పుడూ గడ్డి ఉండాలి, రోజూ బయట తిప్పాలి, మెడపట్టీ తీసేసి పుండుకు మందు రాయాలి. అప్పుడైనా పూర్తిగా మానదు, తగ్గుతుంది అన్నాడు. అలవాటట! నాకు ఒళ్ళు మండింది. జబ్బంటే మందుంటుంది, అలవాటుకు ఏముంటుంది? ఇష్టమొచ్చినట్టు గడ్డి వేస్తే పొట్ట వస్తుంది, పెళ్ళిళ్ళకు పనికిరాదు అన్నాను. పెళ్ళిళ్ళ సంగతి నాకు తెలీదమ్మా, గుర్రం సంగతి అడిగావు చెప్పాను అని బండెక్కి వెళ్ళిపోయాడు. పట్టీ తీశాను, మందు రాశాను. గడ్డి మాత్రం పెంచలేదు.

మాఘంలో మొదటి పెళ్ళి రాజాం దగ్గర ఒక ఊళ్ళో వచ్చింది. రైతుల ఇల్లు, పెద్ద పందిరి. ముందు రెండు రోజులు మామూలుగానే గడ్డి మానేశాను. జీనుపట్టీ చక్కగా బిగిసింది. మెడ మీద మచ్చను బంతిపూల దండ కప్పేసింది.

ఊరేగింపులో నా చోటు ఎక్కడో చెప్పాలి. గుర్రం నాది, మేత నాది, లద్దె ఎత్తేది నేను. కానీ పెళ్ళికొడుకు ఎదుట నేను నడవకూడదు. బొట్టు లేని మొహం శుభకార్యానికి ఎదురు రాకూడదు. ఈ మాట నాతో ఎవరూ అనలేదు, అనాల్సిన పనీ లేదు, పుట్టినప్పటినుంచీ తెలిసిందే. కళ్ళెం మరిది పట్టుకుని ముందు నడుస్తాడు. నేను అందరికీ వెనక, లైట్లు మోసేవాళ్ళూ జనరేటరు బండీ దాటాక, నీళ్ళ బకెట్టు పట్టుకుని నడుస్తాను. మా ఆయన ఉన్నప్పుడు ఆయన పక్కనే నడిచేదాన్ని, కొంగులో బెల్లంముక్క పెట్టుకుని. అదే గుర్రం పని, అదే నేను.

ఆ సాయంత్రం అది వంకరగా నడుస్తోందని వెనకనుంచే తెలుస్తోంది. డప్పులకు బెదిరి కాదు. ఎక్కడ గుంజ కనబడితే అక్కడికి మూతి లాగుతోంది. మరిది కళ్ళెం గుంజుతున్నాడు. పందిరి దగ్గరికి చేరాం. పెళ్ళికొడుకును దింపి, కాళ్ళు కడిగి, లోపలికి తీసుకెళ్తున్నారు. ఎవరో కూల్ డ్రింకు ఇస్తే మరిది ఒక చేత్తో కళ్ళెం పట్టుకుని రెండో చేత్తో తాగుతున్నాడు. వాడు నిలబడింది ఈశాన్యం మూల, రాట పక్కన.

పెళ్ళిరాట సంగతి మీకు తెలిసిందే. పచ్చి కర్ర తెచ్చి, ముత్తైదువలు పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, నవధాన్యాలు పోసి పాతుతారు. పెళ్ళంతా ఆ కర్ర మీదే నిలబడుతుందని నమ్మకం. రెండు రోజులుగా గడ్డి ఎరగని గుర్రానికి అది పచ్చి కర్ర. అంతే. పళ్ళు ఆనించింది, మెడ బిగించింది, గుక్కుమంది. సన్నాయి ఆగిన క్షణం అది. పందిరంతా వినబడింది.

మరిది కళ్ళెం లాగుతున్నాడు, అది వదలడం లేదు. లాగితే ఇంకా బిగిస్తుంది, ఆ సంగతి వాడికి తెలియదు, రోజూ చూసేది నేను. పెదవి పక్కన వేలు పెట్టి మెల్లగా తిప్పితే వదులుతుంది. ఏం ఆలోచించానో నాకు తెలియదు. బకెట్టు పడేసి జనంలోంచి దూసుకెళ్ళి, ఒక చెయ్యి రాట మీద ఆనించి, రెండో చేత్తో దాని మూతి తిప్పాను. వదిలింది. నా అరచేతికి పసుపు అంటుకుంది.

పెళ్ళికూతురి నాయనమ్మ లేచి వచ్చింది. పెద్దావిడ, చెడ్డది కాదు, సాయంత్రం నాకు తాగడానికి మజ్జిగ పంపింది ఆవిడే. ఆవిడ గుర్రాన్ని చూడలేదు. నా చెయ్యి చూసింది.

"గుర్రం కొరికినాది, దానికి తెలీదు. నీకు తెలీదేటే?"

పంతులు గారు పసుపునీళ్ళు చల్లితే చాలన్నారు. ఆడవాళ్ళు రాటకు మళ్ళీ పసుపు రాశారు. పంటి గాట్ల మీద కాదు ముందు, నా చెయ్యి ఆనిన చోట. పెళ్ళి బాగానే జరిగింది. నేను జనరేటరు బండి పక్కన కూర్చుని అరచెయ్యి చీరకు రుద్దుకుంటూనే ఉన్నాను. పసుపు అంత తొందరగా పోదు.

ఇంటికొచ్చాక మరిది నిలబడే చెప్పాడు. "మాఘం ఎల్లకముందే దీన్ని ఆ ఒడిశా పక్కోడికి ఇచ్చీద్దారి వదినా. ఇంక ఎవుడూ పిలవడు. పూలు కట్టిన కారుంటే సాలు ఇప్పుడు పెళ్ళికొడుకులకి, గుర్రం దేనికి?"

"ఒరే, ఇచ్చీసి పాకలో నన్ను కట్టీ" అన్నాను. వాడు ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు. వాడు అన్నది తప్పేమీ కాదు. గుర్రాన్ని ముందే మాట్లాడుకున్నవాళ్ళు ఒకరు మర్నాడే కబురు పంపి వద్దన్నారు. సన్నాయివాళ్ళు ఊరూరా తిరిగేవాళ్ళు కదా, రాట కొరికిన గుర్రమని చెప్పుకున్నారు. ముండమోపి చెయ్యి పెట్టిందని కూడా చెప్పుకునే ఉంటారు.

కోపంతో ఆ పొద్దున తాడు పట్టుకుని గుర్రాన్ని బయటికి లాక్కెళ్ళాను. ఎక్కడికో తెలియదు, ఇంట్లో ఉండలేక. వరి కోసిన మడుల్లో మినుములు చల్లేశారు, అడుగు పెట్టనివ్వరు. కాలువ గట్టు మీదికి వెళ్ళాం. అది తల దించి మేయడం మొదలుపెట్టింది. నేను దాన్ని తిడుతూ కూర్చున్నాను. నీకు ఏం తక్కువ చేశాను, నా గొలుసు తిన్నావు, నా పరువు తిన్నావు, ఇంకా ఆ కర్రలు దేనికే అని. తిట్టి తిట్టి నోరు నొప్పి పుట్టాక చూస్తే ఎండ నెత్తి మీదికి వచ్చింది. గట్టు పొడుగునా కంచె గుంజలున్నాయి. అది వాటి పక్కనుంచే మేసుకుంటూ పోతోంది. ఒక్కదానికీ మూతి ఆనించలేదు.

ఆ రైతు అబద్ధం చెప్పలేదు. దాని పళ్ళు అంతకుముందు ఇంకెవరి పాకలోనో అరిగి ఉంటాయి. బీడులో తల ఎత్తే తీరిక లేని గుర్రం కర్ర ఎందుకు కొరుకుతుంది? డాక్టరు చెప్పినదీ అదే. నాకు సంతోషం కలగలేదు, నిజం చెబుతున్నాను. ఇంకా కోపం వచ్చింది. ఇంత చిన్న సంగతికి ఇంత కావాలా అని. ఇంటికొచ్చి, కోతల కూలికి బదులుగా మా ఊరి రైతు ఇచ్చిన గడ్డిమోపులన్నీ పాకలోకి దించాను. తొట్టి నిండా వేశాను. నాలుగు పరకల దగ్గర నా చెయ్యి ఆగింది, అలవాటుగా. మా ఆయన వెనక నిలబడి పొట్టొస్తాదే, పొట్ట అంటున్నట్టే ఉంది. ఉండనీ అని ఇంకో మోపు విప్పాను.

కొరకడం తగ్గింది. మానలేదు. ఉలవలు తిన్నాక కాసేపు గుంజ పట్టుకునేది, మళ్ళీ గడ్డికి వచ్చేది. మెడ మీద వెంట్రుకలు మొలిచాయి. పొట్ట కూడా వచ్చింది, బాగా వచ్చింది. జీనుపట్టీకి కొత్త రంధ్రం పొడిపించాల్సి వచ్చింది. మరిది వచ్చి చూసి, "గుర్రం కడుపుతో ఉన్నాదేటి వదినా, సీమంతం ఎప్పుడు?" అన్నాడు. అన్నాడే గాని ఒడిశావాడికి ఫోన్ చేయమని మళ్ళీ గుర్తు చేశాడు. పనిలేని గుర్రం, పొట్ట ఉన్న గుర్రం.

మాఘం అయిపోవస్తుండగా పక్కింటామె అక్కకొడుకు పెళ్ళి కుదిరింది. ఆ కుర్రాడికి చర్చి నుంచి ఇంటికి గుర్రం మీద రావాలని సరదా. "మా కాడ రాట నేదప్పా కొరకడానికి" అని నవ్వింది ఆమె. నాకు నవ్వు రాలేదు. మరిదిని అడిగితే, మళ్ళీ ఆ గుర్రం కళ్ళెం ముట్టనన్నాడు. కళ్ళెం పట్టేవాడు లేడు, కుదరదని చెప్పాను. ఆమె నావైపు వింతగా చూసింది. నీకు చేతుల్లేవా అన్నట్టు.

పెళ్ళికొడుకు తల్లి తనే వచ్చింది చూసుకోవడానికి. గుర్రం చుట్టూ తిరిగింది, పొట్ట చూసింది. నేను దాచకుండా అన్నీ చెప్పాను. ఇది గాలి మింగుతుంది, మంది మధ్య కర్ర కనబడితే పట్టుకుంటుంది, ముందు నడవాల్సింది నేను, నాకు మొగుడు లేడు. ఆమె చివరిదాకా విని, "ఎవులు పట్టుకుంటే నాకేటి, మా గుంటడు పడిపోకుంటే సాలు" అంది.

ఆ రోజు కళ్ళెం పట్టుకుని ముందు నడిచాను. బ్యాండు నా వెనక మోగుతోంది. ఆయన పోయాక వెనకనుంచే చూస్తున్న ఊరేగింపు అది, ముందూ పక్కనా ఎవరూ లేకపోతే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. చూసే తీరిక ఎక్కడిది! కొంగు నిండా పచ్చగడ్డి కట్టుకున్నాను. బ్యాండు ఆగిన ప్రతిచోటా ఒక గుప్పెడు దాని నోటికి అందించాను. దారిలో ఇద్దరు ముగ్గురు నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకున్నారు. తిప్పుకున్నవాళ్ళను గుర్తుపెట్టుకున్నాను, ఇప్పటికీ గుర్తున్నారు.

అంతా బాగానే వచ్చి, ఇంటి గేటు దగ్గర ఫొటోల కోసం నిలబెట్టారు. కొంగులో గడ్డి అయిపోయింది. ఫొటో తీసేవాడు ఇంకొకటి, ఇంకొకటి అంటున్నాడు. అది మెడ చాచి ఇనుప గేటు పట్టుకుంది. గుక్కుమంది. పైన కూర్చున్న కుర్రాడు వంగి, "పిన్నీ, దీనికేటైనాది?" అన్నాడు.

"అలవాటు బాబూ" అన్నాను.

"అలాగా" అని మళ్ళీ కెమెరా వైపు తిరిగాడు. అంతే. పెదవి పక్కన వేలు పెట్టి తిప్పాను, వదిలింది. ఇంత చేసి వాళ్ళకది ఒక సంగతే కాదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, అది కూడా చిరాకుతోనే.

ఈ సంగతి విని మరిది సాయంత్రం పాకలోకి వచ్చాడు. గడ్డి నములుతున్న గుర్రం పొట్ట మీద తట్టాడు. "ఇంత పొట్టతో ఆడు మాత్రం దీన్ని ఎనక్కి తీసుకుంటాడేటి" అన్నాడు. ఒడిశావాడి మాట ఆ తర్వాత ఎత్తలేదు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. రాట మాట పాతబడ్డాక హిందువుల పెళ్ళిళ్ళకూ మళ్ళీ పిలుస్తున్నారు, అక్కడ కళ్ళెం ఆ ముట్టనన్న మరిదిదే, బకెట్టు నాదే. పందిరికి దూరంగా వరుణ్ణి దింపి, గుర్రాన్ని వెనక్కి తిప్పేస్తాం. గడ్డిమూట మాత్రం వాడి భుజానికి తగిలిస్తాను, కారు డ్రైవరు పెట్రోలు చూసుకున్నట్టు చూసుకోమని. సణుగుతూ మోస్తాడు.

పాకలో మేతతొట్టి పక్కన, దాని మూతికి అందే ఎత్తులో, కప్పుకు సంబంధం లేకుండా ఒక సరుగుడు కర్ర విడిగా పాతాను. కొరికితే దాన్నే కొరకమని. మరిది గొయ్యి తవ్వుతానన్నాడు, వద్దని నేనే తవ్వాను, నేనే నిలబెట్టి మట్టి తొక్కాను. ఏడాది తిరిగేసరికి అది సన్నబడి ఒరుగుతుంది, తీసి ఇంకొకటి పాతుతాను. ఇప్పుడున్నది కూడా వదులైంది. వానలు పడేలోగా మార్చాలి.